నాకు సావొన్‌లిన్నా ఇవ్వని పంతులు

మా జుగ్రాఫియా పంతులు పోయారన్న మాట నాకు మా కాక చెప్పాడు. కాక అంటే మా నాన్నకు తమ్ముడు. బాన్సువాడ నుంచి నిజామాబాదు వచ్చే బస్సు దిగి, అవ్వ పంపిన అటుకుల మూట నా చేతిలో పెట్టి, తలగుడ్డతో దుమ్ము దులుపుకుంటూ మామూలు కబురు చెప్పినట్టే చెప్పాడు.

"మీ జుగ్రాఫియా పంతులు పాయెరా. మొన్న పొద్దుగూకంగ. జ్వరం తలకెక్కిందట."

కాక అరుగు మీద కూర్చుని, నీళ్ళు తాగి, ఇంకో మాట అన్నాడు.

"గా గంగారాం పోరడున్నడు చూడు, కడదాక వాడే దగ్గరున్నడు. దవాఖానకు ఉరుకుడు, మందు తెచ్చుడు, కాళ్ళు ఒత్తుడు, అంత వాడే. కన్నకొడుకు గూడ గంత చెయ్యడని ఊరంత అనుకుంటున్నరు."

ముందుగా నాకు ఏడుపు రావలసింది. కాని ముందు వచ్చింది నాతో బడిలో చదివిన గంగారాం మీద కోపం. ఆయన ఉన్నన్నాళ్ళూ వాడిదే పైచేయి అయింది, చివరికి పోయేటప్పుడు కూడా వాడే దగ్గరున్నాడు. ఏడుపు ఆ రాత్రి అటుకులు తింటుంటే వచ్చింది. అది ఆయన కోసమో, నా కోసమో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

ఆయనను ఎరగని వారికి ముందు ఆయన ఎవరో చెప్పాలి. మా బాన్సువాడ బడిలో పాఠమంతా ఉర్దూలోనే. భూగోళశాస్త్రాన్ని జుగ్రాఫియా అనేవారు, అది చెప్పే ఆయనను జుగ్రాఫియా పంతులు అనేవాళ్ళం. సన్నటి మనిషి. ఎండైనా వానైనా చేతిలో ఒక గొడుగు ఉండేది. అది విప్పగా నేను చూడలేదు. దాని మొనతో నేల మీద పటాలు గీసేవారు, అందుకే దానికి ఎప్పుడూ తీరిక ఉండేది కాదు. వానలో తడుస్తూ గొడుగుతో నదులు గీసే మనిషిని చూసి సంతకు వచ్చిన పిట్లం వాళ్ళు నవ్వుకుంటూ పోయేవారు.

కుడి, ఎడమ అన్న మాటలు ఆయన నోట రావు. అన్నీ దిక్కులే. "నీ ఉత్తరం చెయ్యి కడుక్కో", "గా పడమటి బటను పెట్టుకో", అల్లరి చేస్తే "దక్షిణం చెవి మెలేస్త చూడు" అనేవారు. మేము చటుక్కున తిరిగి నిలబడితే దక్షిణం చెవి ఉత్తరం చెవి అయ్యేది. ఆయన నవ్వి వదిలేసేవారు. "దిక్కు తెలిసినోనికి దెబ్బ తప్పుతది" అనేవారు. అది ఆయన మాటల్లో మాకు అన్నిటికంటే ముందు కంఠస్థమైన మాట.

ఆయన పద్ధతి మరొకటుంది. దానివల్లనే ఇదంతా రాస్తున్నాను. తరగతి మొదలైన వానకాలంలో ఒక్కొక్క పిల్లవానికి లోకంలోని ఒక్కొక్క ఊరు ఇచ్చేవారు. ఏడాది పొడుగునా అది వాడి ఊరు. బడి రిజిస్టరులో పేర్లు పిలిచాక, రెండోసారి ఊర్ల పేర్లతో హాజరు పిలిచేవారు. ఎవరి ఊరు వాళ్ళు "హాజర్" అనాలి. అడిగితే ఆ ఊళ్ళో ఇప్పుడు ఎండో వానో, ఏం పండిందో, ఏ రాజు ఏలాడో చెప్పాలి. తెలియకపోతే ఆయన చెప్పేవారు. ఇవన్నీ ఆయనకు ఎలా తెలుసు అంటే, హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో కొన్న ఒక ఇంగ్లీషు పుస్తకం వల్ల. దానికి అట్ట లేదు, మొదలు లేదు, చివర లేదు. పేరేమిటో ఆయనకే తెలియదు.

ఊర్లు పంచే రోజున ఆయన ఆ పుస్తకం తెరిచి ఒక బొమ్మ చూపించారు. నాలుగు దిక్కులా నీళ్ళు. నీళ్ళ నడుమ ఒక రాతి దిబ్బ. దాని మీద గుండ్రటి బురుజుల కోట. కోట పక్కన పొగ వదిలే పడవ. వెనక దీవుల మీద ఇళ్ళు.

"గిది ఫిన్లాండు దేశంల ఉన్నది. సావొన్‌లిన్నా. లిన్నా అంటే వాళ్ళ మాటల ఖిల్లా."

సావొన్‌లిన్నా! ఆ పేరు చెవిలో పడగానే నాకు అది కావాలనిపించింది. ఆ ఏడే నాకు మాటల పిచ్చి పట్టింది. కొత్త మాట వింటే నోట్లో బెల్లం ముక్కలా పెట్టుకుని తిరిగేవాణ్ణి. పైగా మొదటి వరసలో కూర్చునేవాణ్ణి, పోయినేడు అందరికంటే ఎక్కువ మార్కులు నావే. అది నాకే వస్తుందని వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాను. గొడుగు మొన నన్ను దాటిపోయింది.

"గంగారాం, నీకు సావొన్‌లిన్నా."

వెనక గోడకు ఆనుకుని కూర్చున్న గంగారాం తలగోక్కున్నాడు. "గదేం పేరు పంతులూ, నోరే తిరుగుతలేదు."

"తిరుగుతది. రోజు పిలువు, అదే తిరుగుతది."

తర్వాత గొడుగు నా వైపు వచ్చింది. "నీకు ఆలిస్ స్ప్రింగ్స్. ఆస్ట్రేలియా నట్టనడుమ."

"ఆడ ఏముంటది పంతులూ?"

"ఎండ."

తరగతంతా నవ్వింది. జుక్కల్ నుంచి వచ్చిన పిల్లవాడు మరాఠీలో ఏదో అని మరీ నవ్వాడు.

ఇంటికి పోయి అవ్వకు చెప్పాను. మాకు కాలువ కింద వరి, చెరకు. అవ్వ చెరకు గడ చీలుస్తూ వింది.

"ఎడారంటే ఏంది బిడ్డా?"

"నీళ్ళు లేని జాగ అవ్వా."

"అయ్యో! మన కాలువల కెల్లి జరన్ని నీళ్ళు ఇయ్యరాదా? మీ పంతుల్ని అడుగు."

నాకు నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి గంగారాం మీద అసూయ మొదలైంది. అది మెల్లమెల్లగా పెరిగింది కూడా కాదు. పుట్టడమే కాళ్ళూ చేతులతో పుట్టింది.

ఆ వానకాలం మా బడి ముందు నేల మీద నీళ్ళు నిలిచాయి. పల్లం వైపంతా మడుగులు, వాటి నడుమ ఎత్తైన మట్టి తేలింది. పంతులు గడప మీద నిలబడి చప్పట్లు కొట్టారు. "రాండ్రి, రాండ్రి! ఫిన్లాండు మన బడి ముంగటికే వచ్చింది."

అందరం బయటికి ఉరికాం. ఆయన గొడుగు మొనతో చూపించారు. ఆ దేశమంతా ఇలాగే సరస్సులట, లెక్క పెట్టడానికి ఒక జన్మ చాలదట. ఎప్పుడో లోకమంతా చలిలో ఉన్నప్పుడు మంచుకొండలు నేల మీద పాకుతూ రాయిని గీరి గుంటలు చేసి పోయాయట. మంచు కరిగి ఆ గుంటలు నిండాయట. ఈ మడుగుకూ ఆ మడుగుకూ మధ్య సన్నని నీటి పాయ ఉంది. "గీడ నీళ్ళు జోరుగ పోతయి. చెరువు గట్టిగ గడ్డకట్టినా గీడ మాత్రం పారుతనే ఉంటయి. గందుకే ఖిల్లా గీడ కట్టిండ్రు. దుష్మన్ నడిచి రాలేడు." ఉర్దూలో దానిని ఆబ్‌నాయె అంటారు, తెలుగులో జలసంధి. ద్వీపం, రేవు, పాయ, సరస్సు... నీటిబొట్లలాంటి మాటలన్నీ గంగారాం పాలయ్యాయి. నా పాలికి వచ్చినవి ఇసుక, ఎండ, ఒంటె, తంతి. ఆలిస్ స్ప్రింగ్స్ తంతి తీగల కోసం పుట్టిన ఊరు.

గంగారాం ఒక ఇటుక తెచ్చి పాయ నడుమ పెట్టాడు. అది కోట అయింది. వాడి ముఖం వెలిగింది. నా ఊరు ఎక్కడ అని అడిగాను. పంతులు నన్ను గేటు దగ్గర మిట్టకు తీసుకుపోయారు. అక్కడంతా మొరం, ఇసుక. ఎంత వాన పడినా చినుకు పడినట్టే ఇంకిపోతుంది. బండి చక్రం పోయిన గాడి ఒకటి వంకరగా ఉంది.

"గిది నీ వాగు. పేరుకే వాగు. ఏండ్లకేండ్లు నీళ్ళుండయి. ఇసుకనే పారుతది."

అప్పటి నుంచి హాజరు పిలిచినప్పుడల్లా నన్ను ఒకటే అడిగేవారు. "ఆలిస్ స్ప్రింగ్స్?" "హాజర్." "వాగుల నీళ్ళొచ్చినయా?" "రాలేదు పంతులూ." అంతే, నా పని అయిపోయేది. గంగారాంను మాత్రం పది ప్రశ్నలు అడిగేవారు. పది కథలు చెప్పేవారు.

ఆ కథలు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. గంగారాంకు గుర్తున్నాయో లేదో. కోట కట్టడం నాలుగు వందల ఏళ్ళ పైమాట. స్వీడన్ రాజు తరఫున ఒక దొర కట్టించాడు, తూర్పున ఉన్న రష్యావాళ్ళకు అడ్డంగా. కోట నీడలో నెమ్మదిగా ఊరు పుట్టింది. ఒకసారి శత్రువులు చుట్టుముడితే, కోటలోని నల్ల పొట్టేలు గోడ ఎక్కి కొమ్ములు ఊపుతూ గంతులు వేసిందట. అది చూసి దయ్యమనుకుని పటాలమంతా పారిపోయిందట. పొట్టేలు మాత్రం కాలు జారి నీళ్ళలో పడిపోయింది. గంగారాం బల్ల మీద నాలుగు కాళ్ళతో నిలబడి ఆ పొట్టేలులా గంతులేస్తే పంతులు కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వారు. నా ఊళ్ళోనూ ఒంటెలున్నాయి, వాటిని తోలడానికి పెషావరు వైపు నుంచి పోయిన మనుషులున్నారు. కాని ఏ ఒంటె కూడా ఏ పటాలాన్నీ భయపెట్టలేదు.

ఇంకో కథ. కోటలోని ఒక అమ్మాయి శత్రువుకు తలుపు తీసిందని అనుమానించి గోడలో పెట్టి కట్టేశారట. ఆ గోడలో నుంచి ఒక చెట్టు మొలిచిందట, తెల్లని పూలు, ఎర్రని పండ్లు. ఆ చెట్టుకు తెలుగులో పేరు లేదన్నారు పంతులు. పేరు లేని చెట్టు కూడా గంగారాందే అయింది.

ఒకసారి జుక్కల్ పిల్లవాడు అడిగాడు. "ఆ ఊరు ఎవరిది పంతులూ?"

"ముందుగాల స్వీడన్ రాజుది. వెనుక రష్యా బాద్షాది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఊరోళ్ళదే."

"రాజు లేడా?"

పంతులు లేచి పడమటి కిటికీ మూశారు. మమ్మల్నేలే రాజు తహసీలు కచేరి అటువైపే. "లేడు" అని చిన్నగా అని, వెంటనే గొంతు పెంచి, "ఆడి చెరువుల చిన్న చిన్న చేపలు మస్తు రుచి. రేవు కాడ వేయించి అమ్ముతరు. మన పరకల లెక్కనే" అన్నారు. తర్వాత మాతో గట్టిగా ఒక మాట చెప్పించారు. "రాజులు మారిండ్రు, నీళ్ళు మారలేదు." పరీక్షలో ఇది రాయవద్దన్నారు.

చలికాలానికి ముందు ఎడ్లబండి కట్టించి మమ్మల్ని నిజాంసాగర్ చూపించడానికి తీసుకుపోయారు. కట్ట మీద నిలబడి చూస్తే అవతలి ఒడ్డు కనబడలేదు. గాలికి నీళ్ళు రాళ్ళకు కొట్టుకుంటున్నాయి. పంతులు నన్ను పిలిచారు.

"మీ పొలంలకు నీళ్ళు ఏడికెల్లి వస్తయిరా?"

"కాలువల కెల్లి పంతులూ."

"కాలువలకు?"

"గీ సాగర్ల కెల్లి."

"సాగర్లకు?"

"మంజీర కెల్లి."

"శభాష్. ఇగ గీ నీళ్ళ కింద ఏమున్నది?"

నాకు తెలియలేదు. మట్టి అన్నాను. చేపలు అన్నాను. వెనక నుంచి గంగారాం అన్నాడు.

"మా ఊరు."

వాడు తలగుడ్డ పట్టుకుని నీళ్ళ మీద ఒక దిక్కు చూపించాడు. "గా దిక్కు. నాకు యాదికి లేదు, నేను చిన్నపోరన్ని. ఎండకాలం నీళ్ళు దిగితే గోడలు కనపడ్తయని మా బాపు అంటడు." కట్ట కట్టినప్పుడు లేపిన ఊర్లలో వాళ్ళది ఒకటి. తర్వాత వాళ్ళు బాన్సువాడ వచ్చారు. తండ్రి కౌలుకు పొలం చేసేవాడు, తల్లి బీడీలు చుట్టేది. పంతులు వాడి దగ్గరికి వచ్చారు. వాడి భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డారు.

అప్పుడు నేను ఏమనుకున్నానో దాచను. వీడికి నీళ్ళ మీద ఒక ఊరుంది, నీళ్ళ కింద ఇంకొకటుంది. నాకు ఇసుక గాడి ఒక్కటే. నా భుజం మీద ఏ చెయ్యీ లేదు.

ఆ చలికాలమే యుద్ధం ఫిన్లాండుకు వచ్చింది. తహసీలు కచేరికి వచ్చే ఉర్దూ పత్రిక పాతబడ్డాక పంతులు చేతికి వచ్చేది. రష్యా పటాలాలు సరిహద్దు దాటాయని, సరస్సుల దగ్గరి ఊర్ల మీద విమానాలు బాంబులు వేస్తున్నాయని అందులో ఉంది. ఏ ఊరో రాయలేదు. పంతులు ఆ కాగితం మడిచి, విప్పి, మళ్ళీ మడిచారు.

ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. అప్పటి దాకా ఎవరికీ పట్టని ఫిన్లాండును గురించి బస్సు దిగినవాళ్ళు కూడా గంగారాంను ఆపి అడిగేవారు. నాకు ఒళ్ళు మండేది. నా ఊరికి ఎవరూ రారు, దాని మీద ఎవరూ బాంబు వెయ్యరు, దాని పేరు ఏ పత్రికలోనూ రాదు. ఒక సాయంత్రం నేనూ గంగారామూ బడి నుంచి వస్తుంటే చాయ్ హోటల్ ఆయన కేక వేశాడు.

"ఏంరా గంగారాం! నీ ఊరు పాయెనట గదా!"

హోటల్ పక్కనే గంగారాం ఇల్లు. అరుగు మీద నలుగురు ఆడవాళ్ళతో కలిసి వాడి తల్లి బీడీలు చుడుతోంది. ఒళ్ళో చాట, చేతిలో ఆకు. తల ఎత్తకుండానే అంది.

"ఏ ఊరు పాయెరా? మన ఊరు ఎన్నడో పాయె. ఇంకేం పోతది మనకు?"

ఆడవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. గంగారాం నవ్వలేదు. నన్ను వదిలేసి ఇంట్లోకి పోయాడు.

మర్నాడు హాజరు పిలిచినప్పుడు "సావొన్‌లిన్నా?" అంటే జవాబు రాలేదు. గంగారాం అక్కడే ఉన్నాడు, తల వంచుకుని పలక మీద వేలితో గీస్తున్నాడు. పంతులు కాసేపు ఆగి తర్వాతి ఊరు పిలిచారు. ఆ తర్వాతి రోజూ అంతే. ఆ వారమంతా అంతే. బలవంతం చెయ్యలేదు, మానలేదు. రోజూ పిలిచేవారు, రోజూ ఆగేవారు.

నాకు ఆ నిశ్శబ్దంలో ఒక తలుపు తెరిచినట్టు కనబడింది. వాడికి ఊరు వద్దు. ఊరు ఖాళీగా ఉంది. దాని చరిత్రంతా నాకు వాడికంటే బాగా వచ్చు. ఒక పొద్దున పంతులు "సావొన్‌లిన్నా?" అని ఆగగానే నేను లేచి నిలబడ్డాను.

"హాజర్ పంతులూ!"

గొడుగు మొన నేల మీద ఆగిపోయింది. "ఎవరది?"

"నేనే పంతులూ. వాడు చెప్తలేడు గదా. ఊరు ఖాళీగున్నది."

"ఖాళీగున్నదా?" ఆయన నా వైపు చూశారు. కోపం లేదు, అదే నన్ను భయపెట్టింది. "బాంబులు పడంగ ఇల్లు కిరాయికి దొరుకుతదని చూస్తున్నవా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అంతలో వెనక గోడ దగ్గర నుంచి గంగారాం లేచాడు. ముఖం ఎర్రగా ఉంది.

"ఖాళీ లేదు. నేనున్న. హాజర్." నా వైపు తిరిగి, "నువ్వు పో, నీ ఒంటెల కాడికి పో" అన్నాడు.

పంతులు గొడుగు గోడకు ఆనించారు. "ఊరెట్లున్నది గంగారాం?"

"మంచు పడ్డది పంతులూ. చెరువంత గడ్డకట్టింది. ఖిల్లా చుట్టు మాత్రం నీళ్ళు పారుతున్నయి. ఇండ్లు కొన్ని పడ్డయేమో, నాకు తెల్వది. మనుషులున్నరు. ఎవ్వరు ఇడిచిపెట్టి పోలేదు. లేపినా పోరు."

పంతులు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. మాటలంటే పిచ్చి ఉన్నది నాకు. పుస్తకాల్లో నుంచి మాటలు ఏరుకునేది నేను. అయినా "మనుషులున్నరు" అన్న ఆ ఒక్క మాటలాంటిది నా నోట ఎన్నడూ రాలేదు. పలక మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకుని, అది నా మాటే అయినట్టు చూసుకున్నాను. కాలేదు.

ఆ సాయంత్రం పంతులు కాలువ గట్టున పోతుంటే వెంటపడ్డాను. కాలువ నిండుగా పారుతోంది. మా చెరకు బోధన్ వైపు బండ్ల మీద పోతోంది.

"పంతులూ, నాకెందుకు ఇయ్యలేదు గా ఊరు?"

ఆయన నడుస్తూనే అన్నారు. "నీకు నీళ్ళున్నయిరా."

"ఉంటే?"

"ఉన్నదాని సంగతి ఒకరు నేర్పాల్నా? లేనిదే నేర్వాలె." కొంచెం దూరం పోయాక, "వాగుల నీళ్ళొచ్చినయా?" అన్నారు.

"రాలేదు" అన్నాను విసురుగా.

"వస్తయి. ఎడారిల వాగు దారి మరువదు."

నాకు అప్పుడు ఏమీ అర్థం కాలేదు. ఇంటికి పోయి, మా మడిలో నిలిచిన నీళ్ళను చూస్తూ, గంగారాంకు ఉన్నవీ నాకు లేనివీ మనసులో లెక్క వేసుకున్నాను.

ఎండకాలానికి ముందే ఫిన్లాండులో యుద్ధం ఆగిందని పత్రికలో వచ్చింది. సరిహద్దు జరిగిందట, చాలా నేల పోయిందట. సావొన్‌లిన్నా మాత్రం వాళ్ళకే మిగిలింది. ఆ రోజు పంతులు తరగతికంతా పుట్నాలు, బెల్లం పంచారు. గంగారాంకు రెండు పిడికిళ్ళు. నేను లెక్క పెట్టలేదు కాని చూశాను.

తర్వాత నేను పెద్ద చదువుకు నిజామాబాదు వచ్చాను. గంగారాం చదువు మానేసి తండ్రి వెంట పొలానికి పోయాడు. ఇక్కడైనా నేను గెలిచానని అనుకున్నాను. కాని సెలవులకు పోయినప్పుడల్లా పంతులు ఇంటి ముందు గంగారాం సైకిలు ఉండేది. పొలం పని అయ్యాక వచ్చి, ఆ అట్ట లేని ఇంగ్లీషు పుస్తకాన్ని ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ ఆయనతో చదివేవాడు. పుస్తకమంతా కాదు. వాడి ఊరి గురించిన నాలుగు పేజీలే, మళ్ళీ మళ్ళీ. నేను లోపలికి పోతే పంతులు ఆప్యాయంగా నవ్వేవారు. "ఏంరా, వాగుల నీళ్ళొచ్చినయా?" నేను రాలేదనేవాణ్ణి. కాసేపు కూర్చుని, పని ఉందని చెప్పి వచ్చేసేవాణ్ణి. ఇంకా కొంచెంసేపు కూర్చుని ఉండవలసింది. ఇప్పుడు గంగారాం మీద నాకున్న పెద్ద అసూయ ఇదే. వాడు కూర్చున్నాడు.

కాక చెప్పిన మర్నాడు నేను బాన్సువాడ బస్సెక్కాను. దారంతా వాన. పంతులు ఇంటి నిండా చుట్టాలు. అల్లుడు కర్మ చేయిస్తున్నాడు. నాకు ఎక్కడ నిలబడాలో తెలియలేదు. గొడుగు మూలన ఆనించి ఉంది, మొనకు ఇంకా మట్టి ఉంది. గంగారాం ఎవరికో నీళ్ళు అందిస్తూ నన్ను చూశాడు. చెంబు పక్కన పెట్టి, తల ఊపి, బయటికి నడిచాడు. నేను వెనకే పోయాను. ఇద్దరం బడి దాకా నడిచాం. సెలవు కనుక బడి మూసి ఉంది. చూరు కింద నిలబడ్డాం.

పల్లం వైపు మడుగులు నిండి ఉన్నాయి. గంగారాం వానలోకి దిగి, గోడ పక్కన పడి ఉన్న ఒక ఇటుక తీసుకుని, పాయ నడుమ పెట్టి వచ్చాడు. చెయ్యి అలవాటుగా సరైన చోటికే పోయింది.

నేను ఇక ఆగలేకపోయాను. "పంతులు నన్నేమన్న యాది చేసిండా?"

"నిన్నెందుకు యాది చేస్తడు?" అన్నాడు. వాడికి నా బాధ తెలుసు, మొదటి నుంచీ తెలుసు. కాసేపు నన్ను అలా ఉండనిచ్చి, తర్వాత నెమ్మదిగా అన్నాడు. "చేసిండు. జ్వరంల. ఎండ ఊరి పోరడు రాలేదా అన్నడు. వాగుల నీళ్ళొచ్చినయా అడుగు అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"నేనేమంట? నాకు తెల్వదన్న."

"వచ్చినయని చెప్తే ఏం పోయేది? ఆయన పాణం సల్లగుండేది గదా!"

"నీ ఊరిది నేనెట్ల చెప్తరా? నువ్వు చెప్పాలె గని." వాడు మొహం తుడుచుకున్నాడు. అది వానో కాదో నేను చూడలేదు. "నీ గురించి ఎప్పుడు గంతనే అడుగుతుండె. నా ఊరి గురించైతే వంద మాటలు చెప్తుండె. నీ దానికి ఒక్కటే మాట, గది గూడ నువ్వే చెప్పాలెనాయె. నాకు మస్తు మంట ఉండె."

నేను వాడి వైపు తిరిగి చూశాను. వాడు నన్ను చూడటం లేదు. గేటు వైపు చూస్తున్నాడు.

వాన పెద్దదైంది. ఎన్నాళ్ళుగానో కురుస్తున్న వాన, మిట్ట మీది మొరం కూడా ఇక తాగలేనంది. బండి గాడిలో ముందు ఇసుక రంగు మారింది, తర్వాత సన్నగా మెరిసింది. చూస్తుండగా నీళ్ళు కదిలాయి. ఎండుటాకును ఒకదాన్ని లేపి, వంకర దగ్గర తిప్పి, పల్లానికి తోసుకుపోయాయి. ఎర్రటి నీళ్ళు గలగలమంటూ గాడి పొడుగునా పారి, ఇటుక చుట్టూ ఉన్న మడుగులో కలిశాయి.

"వచ్చినయి" అన్నాను. ఎవరూ అడగలేదు.

గంగారాం ఆ వాగునే చూస్తున్నాడు. పెదవి బిగించి, కన్ను ఆర్పకుండా. ఆ చూపు నాకు బాగా తెలుసు. వానలో వాడు పెట్టిన ఇటుక చుట్టూ నా నీళ్ళు తిరుగుతున్నాయి.